పక్షుల దారిబత్తెము



మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశించుసరికి మన సరస్సులయందు ప్రయాణసన్నాహము మొదలగును. చలికాలమంతయు మనయొద్ద నతిథులుగా నున్న పక్షులు స్వస్థానములకు మరలు దినములివి. సూదితోక బాతు ఆసియాఖండపు ఉత్తరభాగమునందలి చలిదేశములకు బోవును. తలవెనుక రెండు నల్లని చారలుగల పెద్దబాతు హిమాలయములను దాటి, టిబెట్టు, మంగోలియా పీఠభూములలో గ్రుడ్లు పెట్టును. మన కావ్యములలోని హంస యీ జాతిదే యని పండితులు కొందఱు తలంచిరి. నలునిపక్షమున దమయంతికడకు దౌత్యము నడపిన హంసకథ చదివినవారికి ఈ మాట వినుటకే ముచ్చటగా నుండును గదా!

నేడు చేతిఫోనులోనే కెమెరా యుండుటచే, ఈ పక్షుల ఛాయాచిత్రములు తీయు వేడుక మన గృహములలో వ్యాపించినది. మంచి వేడుకయే. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు బోవు బాట పులికాటు సరస్సు నడుమగా సాగును. అచ్చటి లోతులేని యుప్పునీట ఫ్లెమింగో పక్షులు తల క్రిందుచేసి ముక్కుతో నాహారమును వడకట్టుకొనుచుండును. తాము తిను నాచువలనను, చిన్నరొయ్యలవంటి జీవులవలనను వానికి గులాబివన్నె గలుగును.

చిత్రము తీయువారు ఉదయమున సూర్యుడు తమ వీపువైపున నుండునట్లు నిలువవలయును. ప్రొద్దెక్కినపిమ్మట నేలనుండి లేచు వేడిగాలిచే దూరపుబొమ్మ మసకబాఱును. ఎగురు పక్షి స్పష్టముగా బడవలయునన్న, సెకనులో వేయవవంతు కాలము మాత్రమే వెలుతురు లోనికి బోవునట్లు కెమెరాను అమర్చుకొనవలయును. మనుష్యుని జూచి బెదరు పక్షి నిలిచియున్న కారును జూచి యంతగా బెదరదు. కావున బురదలోనికి దిగక, బాటప్రక్క నిరపాయమైన చోట కారు నిలిపి, అందుండియే తీయుట మేలు.

గుంపు ఒక్కుమ్మడిగా రెక్కలు విప్పి లేచిన చిత్రము మనోహరముగనే యుండును. దానికొఱకు కొందఱు చప్పట్లు చఱతురు, రాళ్లు విసరుదురు. ఇది తగదు. ఈ మాసమున పక్షి రేయింబవళ్లు మేసి దేహమున కొవ్వు కూర్చుకొనును. అదియే దాని దారిబత్తెము. ఊరక లేపినప్పుడెల్ల ఆ మూటనుండి పిడికెడు బత్తెము పాఱబోసినట్లే. విస్తరిముందు గూర్చున్న యతిథిని, “ఒక్కమాఱు లేచి నడువుడు, చూతము” అని యడుగు ఇల్లాలు కలదా? మేయుచున్న గుంపు మేత మాని మెడలెత్తి చూచినచో, మనము మిక్కిలి చేరువకు వచ్చితిమని తెలిసి వెనుకకు తగ్గవలయును.

పులికాటునకు సమీపముననే 1976లో సంరక్షణకేంద్రమైన నేలపట్టు కలదు. అచ్చట గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టును. తల్లి బెదరి లేచినచో గ్రుడ్లు కాకులపాలగును; ఈకలు రాని పిల్లలు ఎండకు వాడును. కనుక గూటిబొమ్మలకై యాసపడక, చూపరులకు ఏర్పఱచిన చోటినుండియే చూడవలయును.

కొన్ని పక్షుల కాళ్లకు శాస్త్రజ్ఞులు తొడిగిన కడియములుండును. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము మనదేశమున చిరకాలముగా నీ పని చేయుచున్నది. కడియముమీది యక్షరములు చదువ వీలగు చిత్రము దొరకినచో ఆ సంఘమునకు దెలుపుడు. దానికి ఎచ్చట కడియము తొడిగిరో, అది యెంతదూరము వచ్చినదో తెలియుటకు మీ చిత్రమే సాక్ష్యమగును.

మీ యూరి చెరువుకడకు బాలికలను వెంటబెట్టుకొని పొండు. ప్రతి చిత్రముతోను పక్షిపేరు, స్థలము, తేదీ వ్రాయించుడు. కార్తికమున ఆ యతిథులు మరల వచ్చినపుడు ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో ఆ పుస్తకము చూచి వారే చెప్పగలరు.