ప్రశంస వేరు, సమాచారము వేరు

సోలాపురము తూర్పు భాగమున మన తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరము జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని వచ్చినవారి సంతతి నేడిచటనే మనుమలను ఎత్తుకొనుచున్నది. మాతృభాషను కాపాడుకొనవలెనని ప్రతి సభయందును వినుచున్నాము. పాటలవలనను, పురాణ కాలక్షేపములవలనను, మార్కండేయ రథోత్సవమువలనను తెలుగు కొంత నిలిచినది. అయితే ఒక పనికి మాత్రము తెలుగును వాడుట నానాటికి మానుకొనుచున్నాము. అది విషయమును తెలియజెప్పు పని. నూలు ధర యేల పెరిగినది, దరఖాస్తు ఎట్లు పెట్టవలెను, బీడీలు చుట్టు తల్లికి రావలసిన భవిష్యనిధి ఎట్లు లెక్కింపబడును అను సంగతులను తెలుగున వ్రాయువారు కరవైనారు. పండుగకు మాత్రమే పనికివచ్చు భాష చిరకాలము బ్రతుకదని మా దృఢాభిప్రాయము.

వ్రాయువారున్నచోట మరియొక లోపము కలదు. మన కరపత్రములను చూడుడు. సగము కాగితము పెద్దల బిరుదములతో నిండును. తరువాత జాతి ఔన్నత్యము వర్ణింపబడును. కార్యక్రమపు తేదీ అడుగున చిన్న అక్షరములలో నుండును. దరఖాస్తుతో ఏ కాగితములు జతపరచవలెనో అసలే యుండదు. దానిని చదివిన నేతగాడు సంతోషించును గాని ఏమి చేయవలెనో తెలియక మరల ఒకరిని అడుగబోవును. అడుగుటకు మొగమాటపడువాడు అవకాశమునే కోల్పోవును.

సోలాపురపు చాదరు సంగతినే తీసికొందము. దానికి భౌగోళిక గుర్తింపు లభించినదని మనము ఎంతయో గర్వించితిమి, వ్యాసములు వ్రాసికొంటిమి. కాని ఆ గుర్తింపు అనగానేమి? ఒక ప్రాంతమునకు చెందిన సరకు గుణమునకు ఆ ప్రాంతమే కారణమైనపుడు, ఆ పేరును ఇతరులు వాడకుండ చట్టము ఇచ్చు రక్షణ. ఈ చట్టము 1999లో చేయబడి 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చినది. నమోదు 10 సంవత్సరములు చెల్లును, తరువాత మరల పొడిగించుకొనవచ్చును. ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రమున ప్రతి ఉత్పత్తిదారుడును తనంతట అధికృత వినియోగదారుడు కాడు. అందులకు చెన్నైలోని రిజిస్ట్రీకి వేరుగా దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ కొద్ది వాక్యములు మన వీధులలోని ప్రతి కార్ఖానా గోడపై నుండవలసినవి. ఇతర ప్రాంతముల సరకు మన ఊరి పేరుతో అమ్ముడైనచో ప్రశంసావ్యాసము మనలను కాపాడునా?

కావున సమాచారమును వ్రాయు పద్ధతిని గురించి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. మేము వర్తకులము, పండితులము కాము. మా చిట్టాలో ప్రతి పద్దునకు తేదీ, పేరు, సొమ్ము, కారణము ఉండును. వీనిలో ఒకటి లేకున్నను ఆ పద్దు చెల్లదు. వ్రాతకును అదియే న్యాయము.

మొదటిది క్రమము. ఏమి, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అను ప్రశ్నలకు జవాబులు తొలి వాక్యములలోనే యుండవలెను. వివరణ తరువాత, ధన్యవాదములు చివర. పడుగు సాచకముందే పేక నేయువాడు మనలో ఎవడునులేడు.

రెండవది నిర్వచనము. క్రొత్తమాట వచ్చినపుడు అక్కడనే దాని అర్థము చెప్పవలెను. 40 నంబరు నూలనగా 840 గజముల చిలుపలు నలుబది కలిసి ఒక పౌను తూగు నూలు. అనగా పౌనునకు 33,600 గజముల పోగు. కావున నంబరు పెరిగినకొలది పోగు సన్నబడును. ఇందు అలంకారము లేదు, అయినను మగ్గమునెరుగని పిల్లవానికి సైతము బోధపడును.

మూడవది వాక్యము. మన భాషలో క్రియ చివర వచ్చును. వచ్చి, చూచి, విని, తెలిసికొని యని గొలుసు కట్టుచు పోయినచో, చేసినదెవరో చదువరి మరచిపోవును. ఒక వాక్యమున ఒక సంగతి చాలును. జరిగినదానిని వ్రాయునపుడు మన అభిప్రాయమును అందు కలుపరాదు. అభిప్రాయమునకు వేరుగా చోటు కలదు, ఈ వ్యాసమే అట్టిది.

నాలుగవది పదము. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష, దానియందు మాకు గౌరవము కలదు. కాని రెండు భాషలలో నున్న ఒకేమాటకు అర్థము వేరైనచోట జాగ్రత్త వలయును. మరాఠీలో దాఖలా అనగా ధ్రువపత్రము, తెలుగున నిదర్శనము. అక్కడ అభ్యాసమనగా చదువు, ఇక్కడ సాధన. అక్కడ అవకాశమున్నదనగా ఇంకను వ్యవధి కలదని, ఇక్కడ వీలు కలదని. గడువు విషయమున ఈ పొరపాటు జరిగినచో నష్టపోవునది పేదవాడు.

ఇది అయ్యెడి పనియేనా యని కొందరు సందేహింతురు. శ్రీ కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదువుకొని, మరాఠీని బాగుగా నేర్చినవారు. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించుటలో ముఖ్యులై, చరిత్రను, శాస్త్రములను తెలుగున వ్రాయించిరి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించి, అది పూర్తికాకముందే 1923లో దివంగతులైరి. వారి యక్కగారు భండారు అచ్చమాంబ మధ్యపరగణాలలో కాపురముండియే స్త్రీల చరిత్రలను తెలుగున వ్రాసిరి. తెలుగునాట విజ్ఞానమును పంచిన చేతులు మరాఠీ సీమలోనే సాధన చేసినవని మనము మరువరాదు.

మన పిల్లలు మరాఠీయును ఆంగ్లమును చదువుచుండగా తెలుగు సమాచారమెవరికని మరికొందరందురు. ఆ పిల్లల అవ్వలకు, తల్లులకు అని మా సమాధానము. రాజ్యాంగములోని 350వ అధికరణము తన బాధను దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతివానికి నిచ్చినది. మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350-ఏ అధికరణము 1956లో చేరినది. హక్కు కాగితముపై నున్నది. విన్నపమును స్పష్టముగ వ్రాయలేనివానికి అది ఏమి ఉపకరించును?

మా సూచన ఒక్కటే. ఇకమీదట ఏ ప్రకటననైనను అచ్చునకు గాని చేతిఫోనులకు గాని పంపుటకు ముందు, బీడీలు చుట్టు ఒక తల్లికి చదివి వినిపింపుడు. ఎప్పుడు, ఎక్కడికి, ఏమేమి తీసికొని పోవలెనో ఆమె తిరిగి చెప్పగలిగినచో అది మంచి వ్రాత. చెప్పలేనిచో తప్పు ఆమెది కాదు, దానిని మరల వ్రాయవలసినది మనమే.