చెంచాడు కోకో పొడి

తగరపువలస కిరాణా కొట్లలో పిల్లల కోసం కొనే చాక్లెట్ పానీయాల డబ్బాలకు కొదవ లేదు. వాటిలో చాలావాటిలో కోకో కంటే పంచదారే ఎక్కువ. అందుకే ఈ సంచికను తీపి కలపని కోకో పొడికి కేటాయించాం. అది చేదుగా ఉంటుంది, కానీ పోషకాలన్నీ ఆ చేదులోనే ఉన్నాయి.

పెద్ద చెంచాడు, అంటే 5 గ్రాముల పొడిలో సుమారు 12 కేలరీలు, 1 గ్రాము మాంసకృత్తులు, దాదాపు 2 గ్రాముల పీచు, 25 మిల్లీగ్రాముల మెగ్నీషియం దొరుకుతాయి. ఇనుమూ ఉంది గానీ, రక్తహీనతకు ఇదే మందనుకోకండి. అందులోని ఫైటేట్లు, పాలీఫినాల్స్ ఆ ఇనుమును ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. రక్తనాళాలకు మేలు చేసే ఫ్లావనాల్స్, క్షారంతో శుద్ధి చేసిన ముదురు రంగు పొడిలో బాగా తగ్గిపోతాయి. రంగు చూసి మోజుపడొద్దని మా మనవి.

దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడన రైతులు కాయలు కోసి, తెల్లటి గుజ్జుతో సహా గింజలను పులియబెట్టి, ఎండబెడతారు. ఆ గింజ విలువ మన వంటింట్లోనూ తెలియాలన్నదే ఈ సంచికలో రాసినవారందరి తాపత్రయం. మీ ఇంట్లో ఉన్న డబ్బా వెనక పదార్థాల పట్టిక ఒకసారి చూడండి. బరువు ఎక్కువున్నదాన్నే ముందు రాస్తారు. మొదటి పేరేమిటో చదివాకే పేజీ తిప్పండి.