నీళ్లలో మందులు: బొగ్గు పట్టేస్తుంది సరే.. బిల్లు కట్టేదెవరు?

పటాన్‌చెరు అనగానే ఫ్యాక్టరీలు, ఘాటు వాసన, రంగు మారిన వాగు నీళ్లు గుర్తొస్తాయి. కానీ అక్కడి అసలు ప్రమాదం కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ టీమ్ ఆ సంగతి బయటపెట్టింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర శాంపిల్స్ తీసి పరీక్షిస్తే, శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది.

డాక్టర్లు ఇన్ఫెక్షన్లకు రాసే యాంటీబయాటిక్ ఇది. ట్యాబ్లెట్ వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఆ నీళ్లలోనే ఎక్కువగా ఉందన్నమాట. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఇలా బయటికి పోతోందని ఆ టీమ్ లెక్కగట్టింది. శుద్ధి చేసిన నీళ్ల పరిస్థితే ఇది!

శుద్ధి కేంద్రం ఎందుకు ఆపలేకపోయింది?

మామూలు శుద్ధి కేంద్రాల్లో ప్రధాన పని చేసేది బ్యాక్టీరియా. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని అవి తినేస్తాయి. కానీ యాంటీబయాటిక్ తయారయ్యిందే బ్యాక్టీరియాను చంపడానికి. అలాంటి అణువులను అవి తేలిగ్గా తినలేవు. పైగా ఆ మందులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మొండిగా తయారవుతుంది. ఆ మొండితనాన్ని పక్క బ్యాక్టీరియాకు కూడా పంచుతుంది. రేపు ఆస్పత్రిలో మనకు మందు పనిచేయకపోవడానికి వాగు నీళ్లు కూడా ఒక కారణం అవుతాయి.

సరిగ్గా ఇక్కడే యాక్టివేటెడ్ కార్బన్ పేరు వినిపిస్తుంది. సింపుల్‌గా చెప్పాలంటే.. బొగ్గు.

పావు ఎకరం బొగ్గు

కొబ్బరి చిప్పలనో, కట్టెనో, రాతి బొగ్గునో గాలి తగలకుండా కాల్చి, తర్వాత 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తారు. దాంతో బొగ్గు నిండా కోట్లాది సూక్ష్మ రంధ్రాలు పడతాయి. చాలా రంధ్రాల వెడల్పు 2 నానోమీటర్ల కంటే తక్కువ. మన తల వెంట్రుక మందం వాటికి పదుల వేల రెట్లు. ఈ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము బొగ్గుకే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం వస్తుంది.

నీళ్లు ఈ రంధ్రాల గుండా వెళ్తుంటే మందులు, రంగులు, పురుగుమందుల అవశేషాల లాంటి సేంద్రియ అణువులు గోడలకు అంటుకుంటాయి. స్పాంజ్ నీళ్లు పీల్చినట్టు కాదు, సాలెగూడుకు దోమ చిక్కినట్టు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే అధిశోషణం అంటారు. మన ఇంటి ఆర్ఓ మెషిన్‌లో ఉండే కార్బన్ కార్ట్రిడ్జ్ చేసే పని కూడా ఇదే.

బొగ్గు ఏం చేయలేదు?

ఇక్కడ రెండు విషయాలు స్పష్టంగా తెలియాలి. ఒకటి, బొగ్గుకు అన్నీ అంటుకోవు. నీళ్లంటే ఇష్టపడని పెద్ద అణువులు బాగా దొరుకుతాయి. నీళ్లలో ఇట్టే కలిసిపోయే మిథనాల్, అసిటోన్ లాంటి చిన్న అణువులు జారిపోతాయి. మందుల ఫ్యాక్టరీల్లో ద్రావకాలుగా వాడేది ఇలాంటివే. నైట్రేట్, లవణాల విషయంలో మామూలు యాక్టివేటెడ్ కార్బన్ దాదాపు చేతులెత్తేస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్‌కూ అది మందు కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. బొగ్గు కాలుష్యాన్ని పట్టుకుంటుంది, నాశనం చేయదు. రంధ్రాలు నిండాక ఇక పట్టదు. అప్పుడు ఆ బొగ్గును తీసి కొలిమిలో మళ్లీ 800 డిగ్రీల వరకు వేడి చేయాలి, లేదా ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి కాల్చేయాలి. ఎక్కడో పారబోస్తే నీళ్లలోని విషం నేలలోకి మారుతుంది, అంతే. చిక్కటి ఫ్యాక్టరీ నీళ్లను నేరుగా బొగ్గు మీద పోస్తే అది చాలా త్వరగా నిండిపోతుంది. అందుకే ముందు మిగతా శుద్ధి అంతా చేసి, చివర్లోనే దీన్ని వాడాలి.

అంటే టెక్నాలజీ కొత్తదేం కాదు. కష్టం మెయింటెనెన్స్ దగ్గర, ఖర్చు దగ్గర.

స్విట్జర్లాండ్ ఏం చేసింది?

అక్కడ 2016 నుంచి చట్టమే ఉంది. ఎంపిక చేసిన దాదాపు 100 మురుగు శుద్ధి కేంద్రాల్లో ఓజోన్ గానీ, యాక్టివేటెడ్ కార్బన్ గానీ పెట్టి, మందుల్లాంటి సూక్ష్మ కాలుష్యాన్ని 80 శాతం తగ్గించాలి. దానికోసం ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి 9 ఫ్రాంకుల వరకు వసూలు చేస్తున్నారు. కొత్త యంత్రాల ఖర్చులో 75 శాతం ఆ నిధి నుంచే ఇస్తున్నారు.

యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2024లో సవరించిన మురుగునీటి చట్టంలో, ఈ అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందులు, కాస్మెటిక్స్ కంపెనీలే భరించాలని రాసింది. దీనిపై ఫార్మా కంపెనీలు కోర్టుకు కూడా వెళ్లాయి. గొడవ బొగ్గు పనిచేస్తుందా లేదా అని కాదు, బిల్లు ఎవరి పేరు మీద రావాలన్నదే.

మన దగ్గర మరి?

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో అందులో పరిమితులు రాశారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

పటాన్‌చెరు నీళ్ల విషయానికొస్తే, వాటిని వాగులోకి కాకుండా 18 కిలోమీటర్ల పైప్‌లైన్‌తో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అది ఉన్నది మూసీ ఒడ్డున. మురుగులో కలిస్తే మందు పలచబడుతుంది గానీ మాయం కాదు. కాలుష్యానికి అడ్రస్ మారింది.

కంపెనీల వాదననూ కొట్టిపారేయలేం. జనరిక్ మందుల మార్కెట్‌లో పోటీ ధర మీదే నడుస్తుంది. ఒక్క కంపెనీ శుద్ధి మీద ఖర్చు పెంచి, పక్క కంపెనీ పెంచకపోతే నష్టపోయేది మొదటిదే. అందుకే అందరికీ ఒకే రూల్ కావాలి. ఆ నంబర్ కాగితం మీద లేనప్పుడు నిండిన బొగ్గును టైమ్‌కు మార్చాలన్న ఒత్తిడి ఎవరికీ ఉండదు. పీసీబీ అధికారి శాంపిల్ తీసినా దేనితో పోల్చాలి?

ఇంట్లో ఆర్ఓ సర్వీసింగ్ అబ్బాయి వచ్చి కార్ట్రిడ్జ్ మార్చాలంటే, డబ్బులు ఎక్కువనిపించినా మార్పిస్తాం. తాగేది మనమే కాబట్టి. ఫ్యాక్టరీ చివర పెట్టే బొగ్గు దగ్గర లెక్క వేరు. మార్చాల్సింది ఒకరు, ఆ నీళ్లు చేరేది ఇంకొకరి పొలానికి. ఈ ఇద్దరినీ కలపాల్సింది చట్టమే. 2021లో పక్కన పెట్టిన ఆ పరిమితులను మళ్లీ బయటికి తీస్తారా? చూడాల్సింది అదే.