పాత పికప్‌కి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు.. గిరాకీ షాపుకి, చలానా మాత్రం ఓనర్‌కి!

రీల్ ఓపెన్ చేస్తే చాలు. మొదట దుమ్ము కొట్టుకుపోయిన పాత పికప్. కట్ చేస్తే అదే బండి మూడు అంగుళాలు పైకి లేచి, గుబ్బల టైర్లతో వాగు దాటుతూ ఉంటుంది. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న.. "బ్రో, ఖర్చు ఎంతయింది?" లిఫ్ట్ కిట్, టైర్ల రేటు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ బండి రోడ్డెక్కాక ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ ట్రెండ్‌కి మన దగ్గర ఒక లోకల్ లింక్ కూడా ఉంది. ఇసుజు కంపెనీ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ప్లాంట్‌లో 2016లో డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తయారీ మొదలుపెట్టింది. వైట్ బోర్డుతో, సొంత కారులా తిరిగే పికప్ అనే ఆలోచన మన కుర్రాళ్లకి బాగా ఎక్కింది అప్పుడే. ఆ తొలి బ్యాచ్ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో తిరుగుతున్నాయి. కొత్తది కొనలేనివాళ్లు పాతది కొని, మిగిలిన డబ్బుతో "లుక్" మార్చేస్తున్నారు. బొలెరో పికప్‌లూ ఇదే బాట పడుతున్నాయి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. ఈ లైన్‌కి అసలు బలం వచ్చింది 2019 జనవరి 9న. కేరళ నుంచి వెళ్లిన కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల సుప్రీంకోర్టు బెంచ్, కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్ దాటి మార్పులు చేయడానికి వీల్లేదని తేల్చేసింది. అంతకుముందు కేరళ హైకోర్టు కొన్ని మార్పులకు ఓకే చెప్పింది, ఆ తీర్పు పక్కకెళ్లిపోయింది. రంగు లాంటివి మార్చుకుని, పద్ధతి ప్రకారం ఆర్సీలో ఎక్కించుకోవడం వేరే సంగతి. అది ఇప్పటికీ కుదురుతుంది.

అదే ఏడాది చట్ట సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇక్కడ "ఒక్కో మార్పుకి" అన్న మాట చాలామంది గమనించరు. సస్పెన్షన్ ఒకటి, టైర్లు ఒకటి, ముందు బుల్ బార్ ఇంకొకటి అని లెక్కేస్తే అక్కడికే 15,000. బుల్ బార్‌ల మీద చర్యలు తీసుకోమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది కూడా. ఇంకో సంగతి, బండి మీద లోన్ నడుస్తుంటే ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా మార్పు చేయడానికి వీల్లేదు.

మరి అమ్మేవాళ్ల సంగతి? నోటిఫై చేసిన కీలక భద్రతా భాగాల్లో ప్రమాణాలకు తగనివి అమ్మితే ఏడాది వరకు జైలు, లేదంటే ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా అని అదే సెక్షన్‌లో ఉంది. కానీ రోడ్డు మీద ఆపేది షాపుని కాదు, బండిని. కిట్ ఆన్‌లైన్‌లో బిల్లుతో దొరుకుతుంది, బిగించే గ్యారేజీ బోర్డు పెట్టుకుని మరీ బిగిస్తుంది. చివరికి స్టేషన్ ముందు నిలబడేది మాత్రం కొనుక్కున్నవాడే. 2021 ఆగస్టులో కేరళలోని కన్నూర్‌లో ఇద్దరు ఫేమస్ వ్లాగర్ల వ్యాన్‌ని మోటారు వాహనాల శాఖ సీజ్ చేసింది గుర్తుందా? లక్షల ఫాలోయర్లున్నా బండి ఆగిపోయింది.

లెక్కేస్తే తెలుస్తుంది

సరే, చట్టాన్ని కాసేపు పక్కన పెడదాం. మెకానికల్‌గా చూస్తే ఏమవుతుంది?

245/70 ఆర్16 సైజు టైర్ ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు. దాని బదులు 265/75 ఆర్16 వేస్తే 804 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే టైర్ ఒక్క చుట్టు తిరిగితే బండి 7 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది. మీటర్‌కి ఆ సంగతి తెలియదు కదా. కొత్త బండ్లలో మీటర్ కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ఆ మార్జిన్ కొంత కాపాడొచ్చు, కానీ మీటర్ కరెక్ట్‌గా ఉన్న బండిలో 100 అని కనిపిస్తుంటే అసలు స్పీడ్ 107. స్పీడ్ గన్ చూసేది అసలు స్పీడే. కిలోమీటర్లు కూడా తక్కువ ఎక్కుతాయి, మైలేజ్ లెక్క తప్పుతుంది. చక్రం పెద్దదయ్యేకొద్దీ నేల మీద పడే లాగుడు అంతే శాతం తగ్గుతుంది. పాత ఇంజిన్, అరిగిన క్లచ్ ఉన్న బండికి ఘాట్ రోడ్డులో ఆ తేడా బాగా తెలుస్తుంది. బ్రేకులదీ అదే కథ, అదే బండిని ఆపడానికి డిస్క్, డ్రమ్ 7 శాతం ఎక్కువ కష్టపడాలి.

అసలు భయపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. గ్యారేజీల్లో దీని గురించి మాట్లాడటం అరుదు. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర లోడ్‌ని పసిగట్టే చిన్న బ్రేక్ వాల్వ్ ఉంటుంది. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య గ్యాప్ ఎంతుందో చూసి, బండిలో లోడ్ ఉందా లేదా అని అది డిసైడ్ చేసుకుంటుంది. గ్యాప్ తక్కువైతే లోడ్ ఉన్నట్టు, వెనక బ్రేకులకు ప్రెషర్ పెంచుతుంది. గ్యాప్ ఎక్కువైతే ఖాళీ బండి అనుకుని తగ్గించేస్తుంది. ఇప్పుడు లిఫ్ట్ కిట్ వేసి వెనక రెండు అంగుళాలు లేపారనుకోండి. ట్రక్ నిండా ధాన్యం బస్తాలున్నా ఆ వాల్వ్‌కి బండి ఖాళీగానే కనిపించే ప్రమాదం ఉంది. సరిగ్గా గట్టి బ్రేక్ కావాల్సినప్పుడే వెనక బ్రేక్ సగం పనిచేస్తుంది. వాల్వ్ లింక్‌ని మళ్లీ సెట్ చేయాలి. అది చేశారా అని అడిగే కస్టమర్ ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఎత్తు పెరిగితే బోల్తా పడే అవకాశమూ పెరుగుతుంది. ఇంజనీర్లు దీనికి ఒక సింపుల్ లెక్క వాడతారు. రెండు చక్రాల మధ్య వెడల్పుని, బండి గరిమనాభి ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకి వెడల్పు 1,560, గరిమనాభి ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే 1.11 వస్తుంది. ఆ ఎత్తు ఇంకో 70 పెరిగితే 1.01కి పడిపోతుంది. నంబర్ తగ్గేకొద్దీ బండి తిరగబడటం తేలిక. హైవే మీద గేదె అడ్డొచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడు ఈ పది పాయింట్ల విలువ తెలుస్తుంది.

వీ-క్రాస్ లాంటి బండికి ముందు వైపు కాయిల్ స్ప్రింగులతో ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ కట్టలు. ముందు లేపితే సీవీ జాయింట్ల కోణం మారుతుంది, వాటి రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. పదేళ్ల బండిలో బుష్‌లు, బాల్ జాయింట్లు ముందే సగం అయిపోయి ఉంటాయి కాబట్టి పాత బండికి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. హెడ్‌లైట్ సంగతి చెప్పనక్కర్లేదు. బండి లేచిందంటే లైటు ఎదుటివాడి కళ్లలోకే.

బయట దేశాల్లో ఎలా ఉంది?

ఆస్ట్రేలియాలో ఫోర్ బై ఫోర్ బండ్లకి ఎంతవరకు లేపుకోవచ్చో మిల్లీమీటర్లలో రాసి పెట్టారు. అది దాటితే గుర్తింపు ఉన్న ఇంజనీర్ చెక్ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూల్. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే షార్లట్, కేరీ నగరాలున్న నార్త్ కరోలినాలో ముందు భాగం లేపి వెనక దించే స్టయిల్‌ని 2021 డిసెంబర్ 1 నుంచి బ్యాన్ చేశారు. ముందు ఫెండర్ వెనకదాని కంటే 4 అంగుళాలు, అంతకన్నా ఎక్కువ ఎత్తులో ఉంటే కేసే. ఏడాదిలో మూడుసార్లు దొరికితే లైసెన్స్ పోతుంది. అంటే అక్కడ కూడా ఫ్రీగా వదిలేయలేదు. గీత ఎక్కడుందో మాత్రం చెప్పారు.

మన దగ్గర సీఎన్‌జీ కిట్‌కి ఆమోదం ఉంది, టెస్టింగ్ ఉంది, ఆర్సీలో ఎండార్స్‌మెంట్ ఉంది. లిఫ్ట్ కిట్‌కి మామూలు ఓనర్ వెళ్లి అప్లై చేసుకునే అలాంటి దారి కనిపించదు. ఒక అంగుళం జాగ్రత్తగా లేపినవాడూ, ఆరు అంగుళాలు లేపి వెల్డింగ్ కొట్టించినవాడూ ఒకే సెక్షన్ కింద నిలబడాలి. నిషేధం ఉంటే అమ్మకం దగ్గర నుంచి ఉండాలి, లేదంటే ఆస్ట్రేలియాలా కొలత పెట్టి టెస్ట్ చేయాలి. రెండూ లేకుండా జేబులోంచి చలానా లాగడం వల్ల రోడ్డు సేఫ్ అవుతుందంటే నమ్మడం కష్టమే.

ఇక ఇన్సూరెన్స్. మార్పు గురించి కంపెనీకి చెప్పకపోతే, యాక్సిడెంట్ అయ్యాక సొంత బండి డ్యామేజ్ క్లెయిమ్‌ని తగ్గించొచ్చు, తిరస్కరించొచ్చు కూడా. ఎల్లో బోర్డు పికప్‌లకి ఇంకో చిక్కు. ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాల్సిందే. వైట్ బోర్డుకి 15 ఏళ్ల దగ్గర రీ-రిజిస్ట్రేషన్ తనిఖీ. అప్పుడు మళ్లీ పాత సామాను వెతికి బిగించుకోవాలి. అందుకే ఒరిజినల్ స్ప్రింగులు, షాకులు స్క్రాప్‌కి వేసేసిన సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు రేటు దగ్గర గట్టిగా బేరం ఆడాలి.

గ్రౌండ్ క్లియరెన్స్ నిజంగానే కావాలంటే, ముందు మీ బండి ఎంత కిందకి దిగిందో చూసుకోండి. లోడ్లు మోసి మోసి పాత కమాన్ కట్టలు, కాయిల్స్ కుంగిపోతాయి. వీల్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి, అదే మోడల్‌లో తక్కువ తిరిగిన బండితో పోల్చండి. తేడా ఉంటే కంపెనీ స్పెసిఫికేషన్ ఉన్న కొత్త స్ప్రింగులు, బుష్‌లు వేయిస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది. దానికి ఒరిజినల్ సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు చాలు. చెరువు గట్టు దారికీ, పొలం బాటకీ అది సరిపోతుంది. ఆర్సీలో ఒక్క అక్షరం మారదు.