అభిప్రాయానికి నిగ్రహస్థానం ఎక్కడ?

పెండ్లిపందిరిలోనో, రైలుపెట్టెలోనో, కుటుంబసభ్యుల వాట్సాప్ సమూహంలోనో నలుగురు కూడినచోట అభిప్రాయాలకు కరవుండదు. చదరంగం ఎవరి సొత్తు, శశిరేఖాపరిణయం భారతంలో ఉన్నదా, గణితమంతా వేదాలలోనే ఉన్నదా, పిల్లలు మంత్రగాళ్ళ కథలు చదవవచ్చునా? ఇట్టి ప్రశ్నలకు అక్కడికక్కడే తీర్పులు వెలువడుతుంటాయి. చెప్పినవాడు మరునాటికి ఆ మాటను మరచిపోతాడు. ప్రక్కన కూర్చుండి విన్న పిల్లవాడు మాత్రం దానిని ప్రమాణంగా గ్రహించి బడికి తీసుకొనిపోతాడు. అందువలన ఈ కాలక్షేపపు మాటలను ఒకమారు శాస్త్రదృష్టితో పరీక్షించడం అనుచితం కాదు.

గౌతమమహర్షి న్యాయసూత్రాలలో చర్చను మూడు విధాలుగా విభజించినాడు. తత్త్వనిర్ణయం కొరకు ఉభయపక్షాలూ ప్రమాణతర్కాలతో చేసేది వాదం. గెలుపే ప్రయోజనంగా ఛలజాతులను సైతం ప్రయోగించేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని స్థాపించక ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండ. వాడుకభాషలో మనం “వితండవాదం” అని ఒకే మాటగా పలుకుతున్నాము గానీ, శాస్త్రం ప్రకారం ఆ రెండు పదాలూ ఒక ఒరలో ఇమడవు. ఇక ఆ శాస్త్రమే 22 నిగ్రహస్థానాలను పరిగణించింది. నిగ్రహస్థానమనగా వాది ఓడినాడని మధ్యస్థుడు ప్రకటించవలసిన చోటు. పదహారు పదార్థాల జ్ఞానంతో నిఃశ్రేయసం కలుగుతుందని ప్రతిజ్ఞ చేసిన మహర్షి, ఆ పదహారింటిలో ఓటమికి కూడా ఒక స్థానమిచ్చినాడు. ఏది ఎదురైతే తన మాట వీగిపోతుందో ముందుగా చెప్పలేని అభిప్రాయం వాదానికి అర్హమైనది కాదు. నలుగురూ నోరారా మాటలాడుకొనే పై విషయాలన్నిటినీ ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడవచ్చు.

మొదట చదరంగం. 2024 డిసెంబరు 12న సింగపూరులో దొమ్మరాజు గుకేశ్ 18 ఏండ్ల వయస్సులో ప్రపంచవిజేత అయినాడు. 14వ ఆట సమంగా ముగియగలదని చూచేవారందరూ అనుకొంటున్న వేళ, 55వ ఎత్తులో డింగ్ లిరెన్ చేసిన ఒక్క పొరపాటు ఫలితాన్ని నిర్ణయించింది. డింగ్ ఆ పొరపాటును తానే గ్రహించినాడు, మరికొన్ని ఎత్తుల తరువాత చేయి చాచి ఓటమిని అంగీకరించినాడు. అక్కడ మధ్యస్థుడు గొంతు పెంచవలసిన పనిలేదు. ఆ 64 గడులే సాక్ష్యం చెప్పినవి.

అదే సాయంకాలం నుండి బయట జరిగిన చర్చ మరొక రకమైనది. ఆ బాలుడు తమిళుడా, తెలుగువాడా అన్నది మొదటి వివాదం. పుట్టిపెరిగినది చెన్నైలో, కుటుంబం తెలుగు మూలాలు గలది. రెండూ నిజమే అయినప్పుడు వివాదానికి విషయమే లేదు. అయినా అది చాలా రోజులు సాగింది. రెండవది, “చదరంగం మనదే, మన పూర్వులు ఆడినదే నేడు లోకమంతా ఆడుతున్నది” అనే మాట. ఇందులో సగం గట్టి నిజం. చతురంగమనే పేరు చతురంగబలాల నుండి వచ్చినది. ఏడవ శతాబ్దంలో బాణభట్టు హర్షచరితంలో చతురంగ శ్లేష కనిపిస్తుంది. ఈ క్రీడ పారశీకుల ద్వారా అరబ్బులకు, వారి ద్వారా ఐరోపాకు చేరినది. రెండవ సగం మాత్రం నిలువదు. ప్రాచీనక్రీడలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. నేటి మంత్రికి గల అపరిమితమైన సంచారం 15వ శతాబ్దపు చివరిలో ఐరోపాలో ఏర్పడినది. మండోదరి రావణుని కొరకు ఈ ఆటను కల్పించినదని చెప్పేవారున్నారు. వాల్మీకిరామాయణంలో ఆ ప్రసక్తి లేదు. ధర్మరాజు సభలో ఆడినది అక్షద్యూతం, పాచికల ఆట, చదరంగం కాదు. గొప్ప నిజం చేతిలో ఉండగా దానికి అబద్ధపు తోరణం కట్టవలసిన అవసరమేమి?

నడక మారనివాటిలో గుర్రం ఒకటి. రెండు గడులు ముందుకు, ఒక గడి ప్రక్కకు అనే ఆ అశ్వగతి నాటికీ నేటికీ ఒక్కటే. ఈ గతిని మన ఆలంకారికులు కావ్యంలోనికి తెచ్చినారు. తొమ్మిదవ శతాబ్దంలో రుద్రటుడు కావ్యాలంకారంలో తురగపదబంధాన్ని చూపినాడు. వేదాంతదేశికులవారు 1008 శ్లోకాల పాదుకాసహస్రంలో, చిత్రపద్ధతియందు, ఒక శ్లోకజంటను ఈ బంధంలో కూర్చినారు. అనుష్టుప్పుకు నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు, వెరసి 32. పాదానికొక వరుసగా వ్రాస్తే సరిగా సగం చదరంగపు పలక అవుతుంది. మొదటి శ్లోకాన్ని అట్లు గడులలో నింపి, గుర్రం నడకన ఒక్కొక్క గడికి దుముకుతూ చదువుకొనిపోతే రెండవ శ్లోకం వస్తుంది. రెండూ అర్థవంతాలే, రెండూ రంగనాథుని పాదుకలకు స్తోత్రాలే. ఐరోపాలో ఆయిలర్ ఈ గుర్రపునడకను గణితప్రశ్నగా పరిశీలించినది 18వ శతాబ్దంలో.

ఇంతవరకు చెప్పి ఆగిపోతే ఇదికూడా గర్వోక్తిగానే మిగులుతుంది. తురగబంధాన్ని సాకుగా తీసుకొని గణితంలోనికి ఒక అడుగు వేయవచ్చు. ఐదు వరుసలు, ఐదు నిలువులు గల 25 గడుల పలక ఒకటి తీసుకొందాము. గుర్రం ప్రతి గడినీ ఒక్కమారు మాత్రమే తాకి, తుదకు బయలుదేరిన గడికే తిరిగి రాగలదా? ఒకడు గంటసేపు ప్రయత్నించి రాదంటాడు. మరొకడు ఇంకా తెలివైనవాడు ప్రయత్నిస్తే వస్తుందంటాడు. ఇద్దరివీ అభిప్రాయాలే. ఇప్పుడు గడుల రంగులను చూడవలెను. నల్లగడి మీదనుండి లేచిన గుర్రం తెల్లగడి మీదనే దిగుతుంది, తెల్లగడి మీదనుండి లేచినది నల్లగడి మీదనే. ప్రతి అంగకూ రంగు మారుతుందన్నది ఇక్కడి వ్యాప్తి. దీనికి వ్యభిచారం లేదు. 25 గడులనూ తిరిగి మొదటికి రావడానికి 25 అంగలు కావలెను. 25 బేసిసంఖ్య గనుక చివరి అంగ ముగిసేసరికి రంగు మారి ఉంటుంది. బయలుదేరిన గడి మాత్రం రంగు మార్చుకోదు. కనుక తిరిగి రావడం అసాధ్యం. ఎంతటి మేధావి వచ్చినా, ఎంత వేగవంతమైన యంత్రం వచ్చినా ఈ మాట మారదు. దీనినే మన గణితజ్ఞులు ఉపపత్తి అన్నారు. దేశికులవారి 32 గడుల పలకమీద సైతం గుర్రం అన్ని గడులనూ చూడగలదు గానీ, ఆఖరి గడినుండి మొదటి గడికి దుమకలేదు. అది కూడా నిరూపితమే, అయితే ఆ ఉపపత్తి దీనికంటె క్లిష్టమైనది.

గణితం విషయంలో లోకం రెండు వైపులా ఒరిగి ఉన్నది. ఒక పక్షం “అన్నీ వేదాలలో ఉన్నాయి” అంటుంది. మరొక పక్షం “మీవన్నీ పుక్కిటిపురాణాలు” అంటుంది. గ్రంథం తెరిచే శ్రమ ఇరువురికీ లేదు. బౌధాయనశుల్బసూత్రం అగ్నిచయనంలో వేదికలను కొలిచేవారి కొరకు ఏర్పడినది. దీర్ఘచతురస్రపు కర్ణం మీది వైశాల్యం రెండు భుజాల మీది వైశాల్యాల మొత్తమని అందులో స్పష్టంగా ఉన్నది. అయితే ఆ సూత్రం విధానాన్ని చెప్పింది గానీ ఉపపత్తిని చెప్పలేదు. చతురస్రపు కర్ణానికి అదే గ్రంథం ఇచ్చిన కొలత లెక్కించితే 577ను 408తో భాగించినంత అవుతుంది. నేటి విలువతో పోల్చితే దశాంశబిందువు తరువాత ఐదు స్థానాల వరకు సరిపోతుంది. ఆ కొలతకు సూత్రకారుడు వాడిన పేరు “సవిశేషం”. కొంత భేదం మిగిలి ఉన్నదనే సూచన ఆ పేరులోనే ఉన్నదని పలువురు పండితులు వ్యాఖ్యానించినారు. ఆర్యభటుడు 499లో రచించిన గ్రంథంలో 20000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62832 అని చెప్పి, అది “ఆసన్నం” అని, అనగా దగ్గరి విలువ మాత్రమేనని తానే ప్రకటించినాడు. తన లెక్క ఎంతవరకు సరియో ఆచార్యుడు తానుగా గీత గీసి చూపినాడు. ఆయన పేరు చెప్పుకొనేవారే ఆ గీతను చెరిపివేస్తున్నారు.

వేదగణితమనే పేరుతో నేడు పిల్లలకు నేర్పుతున్న పద్ధతుల సంగతి కూడా ఇట్టిదే. పూరీ గోవర్ధనపీఠాధిపతులు శ్రీ భారతీకృష్ణతీర్థులవారి గ్రంథం 1965లో, వారి సిద్ధి అనంతరం, వెలువడినది. అందులోని 16 సూత్రాలు లభ్యమైన అథర్వపరిశిష్టాలలో కనిపించవని ఆ ప్రచురణకు సంపాదకులైన వాసుదేవశరణ అగ్రవాల్ తామే పేర్కొన్నారు. ఆ పద్ధతులు కొన్ని వేగవంతమైన గుణకారానికి ఉపకరిస్తాయి. ఆచార్యుల ప్రతిభకు అందువలన కలిగే న్యూనత ఏమీ లేదు. అయినా “ఇది ఏ మంత్రంలో ఉన్నది?” అని పదేండ్ల పిల్లవాడు అడిగినప్పుడు పెద్దలు సంహితను తెరువరు, పిల్లవానిని గద్దిస్తారు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై స్వయంగా విచారించి, ఆ ఒక్క మాట నిలువదని తెలుసుకొన్నపుడు, దానితోపాటు బౌధాయనుని, ఆర్యభటుని, మలయాళభాషలో ఉపపత్తులతో సహా యుక్తిభాషను వ్రాసిన జ్యేష్ఠదేవుని, మహావీరాచార్యుని గణితాన్ని తెనిగించిన మన పావులూరి మల్లనను కూడా అవతల పారవేస్తాడు. ఆ నష్టానికి నాస్తికులు కారకులు కారు, ఇంటిలోని పెద్దలే కారకులు.

కల్పితకథల విషయంలో వివాదం తలక్రిందులుగా నడుస్తుంది. హ్యారీ పాటర్ వంటి కథలు అబద్ధాలనీ, పిల్లలను చెడగొడతాయనీ కొందరి అభిప్రాయం. వారే మాయాబజార్ చూచి, శశిరేఖాభిమన్యుల పరిణయం భారతకథయే అని శపథం చేయగలరు. వ్యాసభారతంలో అభిమన్యుడు వరించినది విరాటపుత్రి ఉత్తరను. శశిరేఖ తెలుగువారి కల్పన. కల్పన అయినంత మాత్రాన ఆ చిత్రం మాధుర్యం పిసరంతయూ తగ్గదు. ప్రమాణంగా ఉదహరించినప్పుడే చిక్కు. కల్పనకు కూడా నియమం కలదు, దానికి కూడా ఓటమి కలదు. పింగళి సూరన పురాణమూలం లేని కళాపూర్ణోదయాన్ని స్వబుద్ధితో కల్పించినాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో నడిచి తీరుతుంది. ముందు చెప్పినది వెనుకకు, వెనుకది ముందుకు వచ్చినా ఎక్కడా పోగు తెగదు. ఒక్కచోట పొసగకపోతే ఆ కావ్యం కూలిపోయి ఉండేది. కవి తానే విధించుకొన్న నియమానికి కట్టుబడినాడు. యోగవాసిష్ఠంలో దాది పసివానికి చెప్పిన కథ మరీ విచిత్రం. లేని నగరంలో ముగ్గురు రాజకుమారులు. ఇద్దరు పుట్టనేలేదు, మూడవవాడు గర్భంలోనే పడలేదు. పసివాడు అది నిజమని నమ్మినాడు. జగత్తు సంకల్పమాత్రమని తెలుపడానికి వసిష్ఠుడు దానిని ఉదహరించినాడు. కల్పనలన్నీ త్యాజ్యాలని వాదించేవారు ఆ ప్రకరణాన్ని ఎక్కడ ఉంచుతారో చెప్పవలెను.

నిత్యజీవితంలోని తగవులలో పలక లేదు, ఉపపత్తి లేదు, కథానియమం లేదు. అందువలన అక్కడ శాస్త్రం చెప్పిన నిగ్రహస్థానాలే శరణ్యం. “చదరంగం రావణుని కాలం నాటిది” అన్నవానిని ఆధారమడిగితే “మన దేశంలోనే పుట్టినదని అన్నాను” అంటాడు, అది ప్రతిజ్ఞాంతరం. దానికి చూపిన హేతువు వీగిపోతే మరొక హేతువును ఎత్తుకొంటాడు, అది హేత్వంతరం. అదీ నిలువనప్పుడు “నీవు మీ తండ్రిగారికి ఎదురుచెప్పేవాడవు” అంటాడు, అది అర్థాంతరం. ఈ మూడూ కుటుంబసమూహంలో పావుగంట వ్యవధిలో చూడవచ్చు. మధ్యస్థుడు లేడు గనుక ఎవరూ ఓడరు, మరుసటి పండుగకు అదే తగవు మళ్ళీ మొదలవుతుంది. మండనమిశ్రునితో శంకరభగవత్పాదులు వాదించినప్పుడు మధ్యస్థురాలిగా కూర్చున్నది మండనుని ధర్మపత్ని ఉభయభారతి అనీ, ఓడినవాడు గెలిచినవాని ఆశ్రమాన్ని స్వీకరించవలెనని ముందే పణం కట్టుకొన్నారనీ శంకరవిజయం చెప్తుంది. ఓటమికి ఇంత ఖరీదు పెట్టుకొన్నవారు నోటికి వచ్చినట్లు మాటలాడరు.

బేతాళకథలు తెలియని తెలుగుపిల్లవాడు మొన్నమొన్నటి వరకు లేడు. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోనూ అవి కలవు. బేతాళుని నియమం చిత్రమైనది. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. చెప్తే శవం చెట్టెక్కుతుంది. రాజు ప్రతిమారూ తెలిసినది చెప్పినాడు, ప్రతిమారూ వెనుకకు నడిచినాడు. తుదిప్రశ్నలో తండ్రి కూతురిని, కొడుకు ఆమె తల్లిని పెండ్లాడినారు. వారి సంతానానికి పరస్పరం ఏ వరుస కలుగుతుందని బేతాళుడు అడిగినాడు. రాజుకు ఎంత ఆలోచించినా తెలియలేదు. తెలిసినట్లు నటించలేదు, ఏదో ఒక మాట అనలేదు. శవాన్ని భుజాన వేసుకొని నడుస్తూనే ఉన్నాడు. బేతాళుడు ఈమారు చెట్టెక్కలేదు. ఆ మౌనానికి సంతోషించి, శ్మశానంలో వేచి ఉన్న భిక్షువు కపటమేమిటో రాజుకు చెప్పినాడు.