‘జ్ఞా’ చేసిన నేరమేమి?

2018 ఫిబ్రవరిలో ఒక వింత వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. ఒక్క తెలుగు అక్షరం సందేశంలో చేరితే చాలు, యాపిల్ సంస్థవారి ఐఫోన్లలో ఆ సందేశాన్ని చూపవలసిన ప్రోగ్రాము కుప్పకూలుతున్నదనీ, ఆ అక్షరం ‘జ్ఞా’ అనీ దాని సారాంశం. అమెరికాలోని తెలుగువారం ఆ వార్తను ఒకరికొకరం ఉత్సాహంగా పంపుకొన్నాము, నవ్వుకొన్నాము.

ఆ నవ్వులో ఒక ప్రశ్న మరుగున పడింది. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అనే మాటలు అంతకుముందూ ఆ ఫోన్లలో వ్రాసుకొన్నవే గదా! అప్పుడు రాని ఆపద ఇప్పుడెందుకు వచ్చింది?

సమాధానం మన లిపిని కంప్యూటరు దాచుకొనే తీరులో ఉన్నది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. ఆ పద్ధతిలో సంయుక్తాక్షరం ఒకే ముద్దగా ఉండదు. ‘జ్ఞా’ అంటే కంప్యూటరుకు నాలుగు సంకేతాల వరుస: జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. వాటిని కలిపి, ఒత్తును క్రిందికి దించి, తెరమీద ఒక్క అక్షరంగా తీర్చే బాధ్యత అక్షరాలను కూర్చే ప్రోగ్రాముది.

ఇవిగాక కంటికి కనిపించని సంకేతం మరొకటి ఉన్నది. హల్లులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపడం దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాసినప్పుడు వకారం ముందున్న హల్లులకు ఒత్తుగా దిగిపోకుండా కాపాడేది అదే. 2018లో ఫోన్లను ఇబ్బంది పెట్టిన వరుసలో ఈ అదృశ్య సంకేతం ఞకారానికీ దీర్ఘానికీ నడుమ, అవసరం లేనిచోట, చేరి ఉన్నది. ఆ వరుసను సరిగా సంబాళించలేక ప్రోగ్రాము తన జ్ఞాపకస్థానాన్నే చెరుపుకొన్నది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులతోనూ ఇదే జరుగుతుందని మనీశ్ గొరేగావ్‌కర్ అనే ఇంజనీరు శోధించి చూపారు. ఫిబ్రవరి 19న యాపిల్ విడుదల చేసిన 11.2.6 సంచికతో ఆ లోపం తొలగింది. అక్షరం నిర్దోషి, లోపం దానిని కూర్చే ప్రోగ్రాములో ఉన్నది.

వింత ఎంతో దూరం ప్రయాణించింది గాని, దాని వెంట కారణం ప్రయాణించలేదు. ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ఈ దేశంలో పెరిగే మన పిల్లలకు తెలుగు లిపి అసలే కష్టంగా తోస్తుంది. ‘మన అక్షరం ఫోనును పాడుచేసిందట’ అన్న ఒక్క మాటే వారి చెవిన పడితే, ఈ లిపి యంత్రయుగానికి పనికిరాదన్న తప్పుడు భావం వారిలో నాటుకొనగలదు.

సరదాకు పంపుకొనే వార్తకు వ్యాఖ్యానం దేనికని కొందరు అడుగవచ్చు. సరదాను కాదనడం లేదు. పంపేవారు దానితోపాటు కారణాన్ని రెండు వాక్యాలలో చేర్చితే చాలును. కారణం తెలియకపోతే తెలిసినవారిని అడగవచ్చును. కంప్యూటరు రంగంలో మనవారికి కొదువ లేదు గదా!

ఇందుకు ఆదర్శం అమెరికాలోనే ఉన్నది. 1990 దశకం తొలినాళ్ళలో, తెరమీద తెలుగు అక్షరం సులభంగా దొరకని కాలంలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రోమను అక్షరాలతో తెలుగు వ్రాసే ఒక పద్ధతిని రూపొందించారు. ఆ విశ్వవిద్యాలయం పేరును కలుపుకొనే అది ‘ఆర్.టి.ఎస్.’గా ప్రసిద్ధి పొందింది. లోటును చూసి వారు నిట్టూర్చి ఊరుకోలేదు. దాని స్వరూపాన్ని గ్రహించి, చేతనైన మార్గం వేసి, పదిమందికీ పంచారు.

మనమూ ఆ బాటనే నడవవచ్చును. తెలుగు అక్షరం ఏ పరికరంలోనైనా విరిగి కనిపిస్తే దాని తయారీదారులకు తెలియజేయాలి. ఇంట్లో పిల్లవాడు ‘జ్ఞా’ కథ అడిగితే, కాగితం మీద ఆ నాలుగు సంకేతాలనూ వ్రాసి, కనిపించని అయిదవదాని సంగతి కూడ చెప్పాలి. ఆ సాయంకాలం వాడికి లిపి పాఠమూ, కంప్యూటరు పాఠమూ రెండూ అందుతాయి.