ఇంజను జాతకం

మనిషికి జాతకం ఉన్నట్టే మోటారుకారుకీ ఒకటుంది. అది తాటాకు మీద కాదు, ఇనుము మీద ఉంటుంది. పాతబండి కొనబోయే పెద్దమనిషి రంగు చూస్తాడు, సీటు నొక్కి చూస్తాడు, హారను మోగిస్తాడు. ఇంజను మీది నంబరు మాత్రం చూడడు. చూసినా, దాన్ని చదవడం వేరే విద్య.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో తెచ్చిన మోడల్ టి కారు సంగతే తీసుకోండి. 1913లో హైలండ్ పార్కు కార్ఖానాలో కదిలే వరస మొదలైంది. అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టే ఛాసీ కూర్పు 1914కల్లా 93 నిమిషాలకు దిగింది. 1927 మే 26న కోటిన్నరవ కారు బయటికి వచ్చింది. ఇన్ని లక్షల కార్లలో ఒకదాన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా ఇంజను దిమ్మె ఎడమపక్కన కొట్టిన అంకెతోనే.

అయితే ఆ అంకె చెప్పేది ఇంజను పుట్టినరోజు, కారు పుట్టినరోజు కాదు. చాలా ఇంజన్లు రైలెక్కి దూరపు శాఖలకు వెళ్లి, అక్కడ తరవాతెప్పుడో కార్లలో కూర్చునేవి. దిమ్మె పగిలితే నంబరులేని కొత్త దిమ్మె తెప్పించి, దానిమీద పాత నంబరే కొట్టేవారు.

మన దేశానికి వచ్చిన ఫోర్డులది ఇంకో కథ. బ్రిటను తప్ప బ్రిటిషు సామ్రాజ్యంలో చాలాభాగానికి కార్లు పంపింది కెనడా ఫోర్డు కంపెనీ. అక్కడి ఇంజన్ల నంబరుకు ముందు ‘సి’ అక్షరం ఉండేది, లెక్కా వేరే. ‘సి’ని వదిలేసి అమెరికా పట్టికతో పోలిస్తే బండి వయస్సు తప్పుతుంది.

తెలుగు పంతులుని గనక నాకు తాళపత్రాలు గుర్తొస్తాయి. చివర లేఖకుడు వేసిన సంవత్సరం ఆ ప్రతి రాసినది. కావ్యం పుట్టినది కాదు. ‘ప్రభవ’ అని ఉంటే, అరవై ఏళ్లకోసారి వచ్చే ఆ పేరులో ఏ ప్రభవో తేల్చుకోవాలి. రాసిన పద్ధతి తెలియకుండా అంకెను నమ్మరాదు.

ఇప్పటి కార్ల ఛాసీ నంబరులో పదిహేడు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటితో, సున్నాతో పొరబడతారని ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. పద్మనాభంలోగాని విశాఖపట్నంలోగాని పాతబండి కొనేవారు ఆర్.సి.లోని ఇంజను, ఛాసీ నంబర్లు రెండూ బండిమీది వాటితో అక్షరమక్షరం సరిచూసుకోండి. గీకిన జాడ కనబడినా, ఒక అంకె పక్కదానికంటే లోతుగా దిగినా బేరం ఆపండి. ఇంజను మార్చడం నేరం కాదు. అనుమతి తీసుకుని ఆర్.సి.లో ఎక్కించకపోవడమే తంటా.

పెళ్లికి జాతకాలు కలవకపోతే శాంతి చేయిస్తారు. నంబరు కలవని బండికి శాంతి లేదు, పోలీసుస్టేషను ఉంది.